అన్నం ముద్దను డోనట్ చేసినవాళ్లు

మన ఇళ్లలో సాగుతున్న ఒక దురాక్రమణ గురించి పెద్దవాళ్లను హెచ్చరించడం నా బాధ్యత. శత్రువు పేరు అనిమే, అంటే జపాన్ కార్టూన్లు. యానిమేషన్ అనే ఇంగ్లిషు మాటను జపాన్ వాళ్లు సగానికి నరికి, ఆ ముక్కనే మళ్లీ ఇంగ్లిషు వాళ్లకు అమ్మారు. అనుమానం అక్కడే రావాల్సింది.

దీనికి మూలం దరిద్రం. సినిమా రీలు సెకనుకి 24 ఫ్రేములు తింటుంది. అన్ని బొమ్మలు గీయించడానికి జపాన్ కార్టూనిస్టు ఒసాము తెజుకా దగ్గర డబ్బూ లేదు, టైమూ లేదు. అందుకని 1963 జనవరి 1న టీవీలో ‘ఆస్ట్రో బాయ్’ మొదలుపెట్టినప్పుడు ఒక్కో బొమ్మను మూడేసి ఫ్రేములు నిలబెట్టి, సెకనుకి ఎనిమిదితో సరిపెట్టాడు. మనిషి కదలడు, నోరు ఒక్కటే ఆడుతుంది. పరిగెత్తాలంటే వెనకాల చెట్లు జరుగుతాయి. లోటు బడ్జెట్‌ను కళగా చూపించడమంటే ఇది, మన ఆర్థిక మంత్రులు నోట్ చేసుకోవాలి. అదే ఏడాది అమెరికా ఆ సరుకును కొనుక్కుంది.

కొనుక్కుంది గానీ, లోపలి జపాన్‌ను మాత్రం గడప దాటనివ్వలేదు. 1998లో అక్కడ ‘పోకెమాన్’ మొదలైంది. ఒక ఎపిసోడ్‌లో పిల్లలు అన్నం ముద్దలు తింటుంటారు. తెల్లగా, మూడు మూలలుగా, నల్లటి సముద్రపు నాచు పట్టీ చుట్టి, ఎవరు చూసినా అన్నమే. డబ్బింగులో బ్రాక్ అనే కుర్రాడు వాటిని చూపిస్తూ జెల్లీ డోనట్లంటాడు. అన్నం చూస్తే అమెరికా పిల్లలు ఎక్కడ జడుసుకుంటారో అని పెద్దల బెంగ. ఆ డబ్బింగు చేయించిన 4కిడ్స్ కంపెనీయే ‘వన్ పీస్’లో సముద్రపు దొంగల వంటవాడి నోట్లోని సిగరెట్టును లాలీపాప్ చేసింది. సముద్రపు దొంగ పుల్ల చప్పరించుకుంటూ యుద్ధానికి వెళ్లాడు. మన సెన్సారు వాళ్లు ఎంత దయగలవాళ్లో ఇలాంటప్పుడే తెలుస్తుంది.

ఫ్రాన్స్ ఇంకా గట్టిగా నిలబడింది. 1978లో ‘గోల్డొరాక్’ అనే రోబో అక్కడి పిల్లల్ని పట్టేసుకుంటే, 1989లో సెగోలెన్ రోయాల్ అనే నాయకురాలు ఈ కార్టూన్ల పీడ మీద ఏకంగా పుస్తకమే రాసింది. ఆ పోరాట ఫలితం 2021లో కనిపించింది. 18 ఏళ్ల వయసు కుర్రకారు సంస్కృతి నేర్చుకోవాలని ప్రభుత్వం తలా 300 యూరోలిచ్చింది. చాలామంది వెళ్లి మాంగా, అంటే జపాన్ బొమ్మల కథల పుస్తకాలు కొనుక్కున్నారు.

ఇది కుట్ర కాదనేవాళ్లకు ఒక్క ముక్క. 2008లో జపాన్ విదేశాంగ మంత్రి మసహికో కోమురా స్వయంగా నియామక పత్రం ఇచ్చి ఒకరిని అనిమే రాయబారిని చేశారు. ఆ అధికారి డోరేమాన్. నీలం పిల్లి, పైగా రోబో, పొట్ట మీద జేబు. పరీక్షలో సున్నా తెచ్చుకునే నోబితాను కాపాడటమే ఆయన ఉద్యోగం. ఈ దౌత్యం ఎంత పనిచేసిందంటే, 2013లో బంగ్లాదేశ్ ప్రభుత్వం డోరేమాన్‌ను నిషేధించింది. పిల్లలు జపాన్ మోజులో పడుతున్నారని కాదు, ఆ డబ్బింగు చూసి ఇంట్లో హిందీ మాట్లాడేస్తున్నారని!

డబ్బు లెక్క కూడా చెప్పుకోవాలి. 2023లో అనిమేకి సొంత దేశంలో కంటే బయటే ఎక్కువ రాబడి వచ్చింది, 1.72 లక్షల కోట్ల యెన్లు. ఇంత సామ్రాజ్యానికి సైనికులెవరంటే, ఒక భంగిమకూ ఇంకో భంగిమకూ నడుమ బొమ్మలు గీసే కుర్రాళ్లు. 2013 సంవత్సరానికి వాళ్ల సంఘం చేసిన సర్వేలో వాళ్ల సగటు సంపాదన ఏడాదికి 11 లక్షల యెన్లు. నెలకు లక్ష కూడా పడదు. అదీ జపాన్‌లో. తెజుకా గారు మొదటి రోజు మిగిల్చిన పొదుపు ఇప్పటికీ వీళ్ల జీతంలోంచే నడుస్తోంది.

ఇక నా మేనల్లుడు. తెలుగు డబ్బింగ్ ఉన్నా చూడడు, జపనీస్ మాటలు, కింద సబ్‌టైటిల్స్ ఉండాల్సిందే. ‘డ్రాగన్ బాల్ జీ’లో నమెక్ గ్రహం ఐదు నిమిషాల్లో పేలిపోతుందని ఫ్రీజా అనే విలన్ చెప్పాక, అది పేలడానికి దాదాపు పది ఎపిసోడ్లు పట్టింది. అన్నానికి పిలిస్తే “ఐదు నిమిషాల్లో వస్తా మావయ్యా” అనేది ఏ గ్రహం లెక్కో అప్పుడర్థమైంది.

పెరుగన్నం ముందు పెడితే మొహం తిప్పుకునే వీడు మొన్న ఒనిగిరి కావాలన్నాడు. ఏమిటా అని చూస్తే, అదే ముద్ద! మా అక్క పొద్దుటి అన్నాన్ని తడిచేత్తో మూడు మూలలుగా ఒత్తి, మధ్యలో ఆవకాయ ముక్క దాచి ఇచ్చింది. రెండు తిన్నాడు. మూడోది నేనే అందిస్తూ “ఇదిగో, జెల్లీ డోనట్” అన్నాను.

రెండు రోజులైంది, నాతో మాట్లాడటం లేదు.