బీరువాలోని గ్లోబుగారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ గ్లోబుగారికి,

ఆరో తరగతి సోషల్ టీచరు నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను. అక్కడ అంటే ఎంతో దూరం కాదు. హెడ్‌మాస్టర్ గారి గది, అద్దాల బీరువా, పై అర. స్టాఫ్‌రూమ్ నుంచి పదిహేను అడుగులు. అయినా ఉత్తరమే రాయాల్సి వస్తోంది. ఎందుకంటే మిమ్మల్ని నేరుగా కలవాలంటే తాళం చెవి కావాలి, తాళం చెవికి రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి, సంతకం పక్కన కారణం రాయాలి. ఒకసారి రాశాను, "పిల్లలకు చూపించడానికి" అని. కింద ఎర్ర సిరాతో "ఎందుకు?" అని వచ్చింది.

మిమ్మల్ని కొన్ననాటి ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. ప్రపంచాన్ని దుమ్ము నుంచి కాపాడుతున్న సంస్థ మాదొక్కటేనేమో. ఏడాదికోసారి, తనిఖీ రోజున మాత్రం మీకు స్నానం చేయించి నా బల్ల మీద కూర్చోబెడతారు. ఆ రోజు ముందు బెంచీలో ముందే చెప్పి ఉంచిన ఇద్దరు పిల్లలు లేచి పసిఫిక్ మహాసముద్రాన్ని చూపిస్తారు. అది మీ ఒంటి మీద దాదాపు మూడో వంతు ఉంటుంది కాబట్టి వేలు ఎక్కడ పెట్టినా పెద్దగా తప్పు పోదు. తనిఖీ అధికారి "వెరీ గుడ్" అంటారు. మళ్లీ బీరువా.

మీ బొమ్మ మాత్రం అన్నిచోట్లా ఉంది. గేటు మీద, టై మీద, డైరీ అట్ట మీద, బస్సు వెనకాల. కింద తెరిచిన పుస్తకం, చుట్టూ రెండు ఆకులు, మధ్యలో మీరు. బడి పేరులో 'గ్లోబల్' అన్న ముక్క తగిలించిన ఏడాది ఫీజు పెరిగింది. సిలబస్ పాతదే, బెంచీలు పాతవే, నేనూ పాతవాడినే. జీతం ఒక్కటే లోకల్‌గా ఉండిపోయింది. సరే, అది మీకు సంబంధించిన విషయం కాదు.

మీ వంశం గురించి చదివాను. ఇప్పటికి మిగిలి ఉన్న భూగోళాల్లో అందరికంటే పెద్దాయన 1492 ప్రాంతంలో న్యూరెంబర్గ్‌లో తయారయ్యాడు. చేయించినవాడు మార్టిన్ బెహైమ్. ఆ పెద్దాయన ఒంటి మీద అమెరికా లేదు. యూరప్ నుంచి పడమటికి పోతే మధ్యలో కొన్ని దీవులు, ఆ తర్వాత నేరుగా ఆసియానే. దానికి తప్పు పట్టను, అప్పటికి ఆయనకు ఎవరూ చెప్పలేదు. నాకు నచ్చింది ఆయన ధీమా. రెండు ఖండాలు తగ్గాయి, అయినా ఎక్కడా వెలితి కనపడనివ్వకుండా నీలం రంగు పూసుకుని నిండు గుండ్రంగా నిలబడ్డాడు. ప్రపంచ విద్య మీద అచ్చయ్యే నివేదికలు చూసినప్పుడల్లా ఆయనే గుర్తొస్తాడు. అవే పోలికలు.

అసలు సంగతికి వస్తాను. మీ పేరు మీద రెండు దుకాణాలు నడుస్తున్నాయి, మీకు తెలుసో లేదో.

మొదటిది పాతది. 1948లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటన చేసినప్పుడు 26వ అధికరణంలో చదువును రాశారు. ప్రతి మనిషికీ చదువుకునే హక్కు ఉంది, ప్రాథమిక విద్య ఉచితంగా ఉండాలి, తప్పనిసరి కావాలి అని. అక్కడితో ఆపలేదు. ఆ చదువు దేశాల మధ్య, జాతుల మధ్య, మతాల మధ్య అవగాహననూ సహనాన్నీ స్నేహాన్నీ పెంచాలని కూడా చేర్చారు. అప్పుడే రెండో ప్రపంచ యుద్ధం ముగిసింది మరి, బాగా చదువుకున్నవాళ్లు ఏమేం చేయగలరో కళ్లారా చూసి ఉన్నారు. ఆ దుకాణం బోర్డు మీద ఉన్న మాట 'అందరికీ'.

రెండో దుకాణం బోర్డు మీద మాట 'ఎక్కడికైనా'. ఈ చదువు చదివితే మీ పిల్లవాడు ఎక్కడికైనా వెళ్లగలడు, ఎక్కడైనా నెగ్గగలడు, ఎక్కడైనా అమ్ముడుపోగలడు. రెండు బోర్డుల మీదా మీ బొమ్మే కాబట్టి జనం తికమకపడి రెండోదాంట్లోకి వెళ్లి మొదటిదానికి చందా కట్టామనుకుంటున్నారు.

మొదటి దుకాణం పరిస్థితి చెప్తాను. 1990లో థాయ్‌లాండ్‌లోని జోంటియెన్‌లో దేశాలన్నీ కూర్చుని, 2000 నాటికి పిల్లలందరూ ప్రాథమిక విద్య పూర్తి చేసేలా చూస్తామన్నాయి. 2000 వచ్చింది. పిల్లలందరూ రాలేదు. సెనెగల్‌లోని డకార్‌లో మళ్లీ కూర్చుని 2015 నాటికి అన్నాయి. 2015 వచ్చింది. ఈసారి దక్షిణ కొరియాలోని ఇంచన్‌లో కూర్చుని 2030 నాటికి అన్నాయి. అంతేకాదు, ప్రాథమిక విద్య ఇంకా పూర్తికాకముందే హైస్కూలు చదువు కూడా అందరికీ ఉచితంగా ఇస్తామని కలిపారు. అయిదో తరగతి తప్పినవాడు ఆ బాధలో పదో తరగతి పుస్తకాలు కొనుక్కున్నట్టు.

నా క్లాసులో హోంవర్క్ ఒక్కరోజు ఆలస్యమైతే డైరీలో రాసి ఇంటికి పంపిస్తాం. ఈ పెద్దమనుషుల డైరీలో ఎవరు రాస్తారు, సంతకం పెట్టాల్సిన తల్లిదండ్రులు ఎవరు?

అబద్ధమెందుకు, అసలేమీ జరగలేదని అనను. 2000 నుంచి 2015 మధ్య ప్రాథమిక బడి బయట ఉన్న పిల్లలు సుమారు 10 కోట్ల నుంచి 5.7 కోట్లకు తగ్గారు. అది చిన్న పని కాదు. ఆ తర్వాతే బండి బురదలో దిగింది. హైస్కూలు వయసు వాళ్లను కూడా కలుపుకుని 2023లో యునెస్కో చెప్పిన లెక్క 25 కోట్లు. ఇక బడి లోపల ఉన్నవాళ్ల సంగతి. అల్పాదాయ, మధ్యాదాయ దేశాల్లో పదేళ్ల పిల్లల్లో 70 శాతం మంది తేలికైన పేరా చదివి అర్థం చేసుకోలేకపోతున్నారని 2022లో ప్రపంచ బ్యాంకు, మరికొన్ని సంస్థలు కలిసి అంచనా వేశాయి. దానికి 'లెర్నింగ్ పావర్టీ' అని పేరు కూడా పెట్టారు. పేరు పెట్టడంలో మనం ఎప్పుడూ వెనకబడలేదు.

ఎందుకు అర్థం కాదు అంటే కారణాలు చాలా ఉన్నాయి, అందులో ఒకదాని మీద మాత్రం నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను, రోజూ కళ్ల ముందు కనిపిస్తుంది కాబట్టి. ప్రపంచ జనాభాలో దాదాపు 40 శాతం మందికి తాము మాట్లాడే భాషలో, లేదా తమకు అర్థమయ్యే భాషలో చదువు దొరకడం లేదని యునెస్కో 2016లో చెప్పింది. అంటే పిల్లవాడు మొదటిరోజు బడికి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్న ఒకే ఒక్క ఆస్తిని గేటు దగ్గర చెప్పులతో పాటు వదిలేసి లోపలికి రావాలి. తర్వాత ఆరేళ్లు అర్థం కాని భాషలో 'అర్థమైందా?' అని అడుగుతాం, వాడు అదే భాషలో 'అర్థమైంది' అంటాడు. ఆ ఒక్క మాటా బాగానే వస్తుంది. చదవేస్తే ఉన్న మతి పోయిందని పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

రెండో దుకాణం మాత్రం కళకళలాడుతోంది. అక్కడ ప్రధాన ఆకర్షణ ర్యాంకులు. 2000లో ఓఈసీడీ అనే, ఎక్కువగా ధనిక దేశాల కూటమి వాళ్లు పీసా అనే పరీక్ష మొదలుపెట్టారు. పదిహేనేళ్ల పిల్లలకు చదవడం, లెక్కలు, సైన్సు. మూడేళ్లకోసారి పెడుతూ వచ్చారు. 2022లో 81 దేశాలు, ప్రాంతాల నుంచి సుమారు 6.9 లక్షల మంది రాశారు. పరీక్ష రాసేది పిల్లలే కానీ టెన్షన్ మంత్రులది. మొదటి ఫలితాల్లో జర్మనీ సగటు కంటే కిందికి పోయేసరికి ఆ దేశం అదిరిపడింది, 'పీసా షాక్' అని ఇప్పటికీ చెప్పుకుంటారు. చదవడంలో ఫిన్లాండ్ మొదట నిలిచింది. వెంటనే లోకంలోని అధికారులందరూ స్వెట్టర్లు కొనుక్కుని ఫిన్లాండ్ బయలుదేరారు. హోంవర్క్ తక్కువట, పరీక్షలు తక్కువట, టీచర్లకు గౌరవం ఎక్కువట అని రాసుకుని వచ్చి, ఇంటికి రాగానే హోంవర్క్ పెంచారు. 2009లో షాంఘై మొదటిసారి రాసి మొదటి స్థానం కొట్టింది. విమానం దిక్కు మార్చుకుంది. తర్వాత ఫిన్లాండ్ మార్కులు తగ్గుతూ వచ్చాయి, 2022లో సింగపూర్ ముందు నిలిచింది. ఆ స్వెట్టర్లు ఏమయ్యాయో తెలియదు.

నాకు బాగా ఇష్టమైనది 2018 నాటిది. ఆ ఏడాది 'గ్లోబల్ కాంపిటెన్స్' అని కొత్త పేపరు పెట్టారు. ఎదుటి సంస్కృతిని అర్థం చేసుకోవడం, వేరే వాళ్ల కోణం నుంచి చూడటం, ఇలాంటివాటికి కొలత అన్నమాట. ఎదుటివాడిని గౌరవించడంలో నేను నీకంటే పై ర్యాంకు, తెలుసా, అని చెప్పుకునే వీలు మానవజాతికి మొదటిసారి కలిగింది. ఆ పరీక్షకు 27 దేశాలు, ప్రాంతాలే కూర్చున్నాయి. అమెరికా, ఇంగ్లాండ్ మాకు వద్దన్నాయి. ప్రపంచం గురించిన పేపరు కాబట్టి బహుశా సిలబస్‌లో లేదనుకున్నారేమో.

విశ్వవిద్యాలయాల సంగతి ఇంకొకటి. 2003లో షాంఘై జియావో టోంగ్ విశ్వవిద్యాలయం వాళ్లు, తమ దేశపు విద్యాసంస్థలు ప్రపంచంతో పోలిస్తే ఎక్కడున్నాయో చూసుకుందామని ఒక జాబితా తయారుచేశారు. ఇప్పుడు అందులో 100కి 30 మార్కులు అక్కడ చదివినవాళ్లకూ పనిచేసేవాళ్లకూ వచ్చిన నోబెల్ బహుమతులకూ, గణితంలో ఇచ్చే ఫీల్డ్స్ పతకాలకే. ఒకాయన ఎప్పుడో సంపాదించిన బహుమతి ఈ ఏడాది మొదటి సంవత్సరం పిల్లలకు పాఠం ఎలా చెప్తుందో నాకైతే అంతుపట్టలేదు. ఎవరో వాళ్ల అవసరానికి వేసుకున్న కొలబద్ద, ఇప్పుడు లోకమంతా దాంతోనూ దాని తమ్ముళ్లతోనూ నడుము కొలుచుకుంటోంది. వాపో బలుపో తేల్చుకునే తీరిక ఎవరికీ లేదు.

దిక్కుల గురించి మీకు చెప్పేంతవాణ్ణి కాను. కానీ మీరు 23.5 డిగ్రీలు వాలి ఉంటారని నేను ఏటా పిల్లలకు చెప్తాను, ఋతువులు అందువల్లే అని కూడా చెప్తాను. చదువుల వాలు అంతకంటే ఎక్కువ. దేశం దాటి చదువుకునే విద్యార్థులు లోకంలో 60 లక్షలకు పైనే. వాళ్లు ఎటు ఎక్కువగా జారుతారో మీకు తెలియనిది కాదు. సలహాదారులు అటునుంచి ఇటు వస్తారు. పిల్లల మీద నాకు కోపం లేదు, నా సొంత శిష్యులే వెళ్లారు, ఉత్తరాలు రాస్తారు. గేటు దగ్గర వాళ్లు రాయాల్సిన ఇంగ్లిష్ పరీక్ష మీదే నా ఆశ్చర్యం. టోఫెల్ అయినా ఐఎల్ట్స్ అయినా మార్కుల విలువ రెండేళ్లే. అంటే వచ్చిన భాష రెండేళ్లకు చెడిపోతుందని లెక్క. మందు సీసాకు ఉన్నట్టు గడువు తేదీ. నా లెక్కన మళ్లీ రాసినప్పుడు కట్టే ఫీజుకు మాత్రం గడువు లేదు.

మధ్యలో సాంకేతిక పరిజ్ఞానం వచ్చి అందర్నీ ఒడ్డున పడేస్తుందన్నారు. 2005లో వంద డాలర్ల ల్యాప్‌టాప్ అన్నారు. పెరూ దేశం 8 లక్షలకు పైగా పంచింది. తర్వాత అధ్యయనం చేసి చూస్తే లెక్కల్లోనూ చదవడంలోనూ మార్కులు పెరగలేదని తేలింది. 2020లో కరోనాకు బళ్లు మూతబడి 160 కోట్ల మంది విద్యార్థులు ఇళ్లలో ఉండిపోయినప్పుడు తెరలే దిక్కు అన్నారు, తెర ఉన్నవాళ్లకు దిక్కు దొరికింది కూడా. ఇప్పుడు కృత్రిమ మేధ వంతు. దానితో నాకింకా పరిచయం లేదు, నా పిల్లలకు బాగానే ఉన్నట్టుంది, వ్యాసాలన్నీ ఒకే గొంతుతో వస్తున్నాయి.

2030 నాటికి ప్రపంచానికి ఇంకా 4.4 కోట్ల మంది టీచర్లు కావాలని యునెస్కో అంటోంది. ఈ వార్త స్టాఫ్‌రూమ్‌లో చదివి వినిపించాను. ఎవరూ తలెత్తలేదు. అందరూ 21వ శతాబ్దపు నైపుణ్యాల శిక్షణకు హాజరైనట్టు ఫారాలు నింపుతున్నారు, మూడు కాపీల్లో.

ఒక్కటి మాత్రం నవ్వకుండా రాస్తున్నాను. మీ ఒంటి మీద ఆఫ్ఘనిస్తాన్ అనే చోట 2021 నుంచి ఆడపిల్లలకు ఆరో తరగతి దాటి బడి లేదు. నేను చెప్పేది ఆరో తరగతి. ఏడాది చివర్లో నా పిల్లలు పుస్తకాలు సర్దుకుని, వచ్చే ఏడాది ఎవరి పక్కన కూర్చోవాలని కొట్టుకుంటుంటే అక్కడి తరగతి చివరి రోజు ఎలా ఉంటుందో అనిపిస్తుంది. 'అందరికీ' దుకాణం వాళ్లు ఆందోళన వ్యక్తం చేశారు. 'ఎక్కడికైనా' దుకాణం వాళ్లకు అది మార్కెట్ కాదు.

ఇన్నేళ్లుగా మీరు తిరుగుతూనే ఉన్నారని అందరూ అంటారు. నేను చూస్తున్నాను కదా, ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది. అది మీ తప్పు కాదు, ఇరుసుకు బిగించారు. ఇక ఉంటాను. చిత్తగించవలెను.

ఇట్లు,
మీ పేరు చెప్పుకుని బతుకుతున్న
సోషల్ టీచరు

తా.క.: మొన్న నా క్లాసులో ఒక పిల్ల లేచి, "సార్, భూమి గుండ్రంగా ఉంటే కింద ఉన్నవాళ్లు పడిపోరా?" అని అడిగింది. బోర్డు మీద సున్నా గీసి చెప్పాను. నమ్మలేదు. నమ్మక్కర్లేదు కూడా, సున్నా చూసి ఎవరు నమ్ముతారు. గురువారం హెడ్‌మాస్టర్ గారు ప్రపంచస్థాయి విద్య మీద సదస్సుకు వెళ్తున్నారు. తాళం చెవి ఏ డైరీ కింద పెడతారో నాకు తెలుసు. మూడో పీరియడ్. కవరు తీసేస్తాను, సిద్ధంగా ఉండండి.