చప్పట్లు లేని గదిలో సీక్వెల్

అంతరిక్ష సాహస చిత్రానికి కొత్త భాగం వస్తోందంటే చాలు, దాన్ని థియేటర్‌లోనే చూడాలన్న మాట వెంటనే వినిపిస్తుంది. తెర అంచులు దాటిపోయే నక్షత్ర నౌక, చిక్కటి చీకటి, గుండెల్లో దడ పుట్టించే శబ్దం ఇంట్లో ఎక్కడి నుంచి వస్తాయన్నది ఆ వాదన. అందులో నిజం లేకపోలేదు. అయితే చిన్నప్పటి నుంచి ఒకే కథను పట్టుకుని పెరిగిన అభిమాని విషయంలో ఈ మాటను యథాతథంగా ఒప్పుకోలేను. స్టార్‌వార్స్‌ను ఏళ్ల తరబడి చూస్తూ వచ్చిన ప్రేక్షకుడిగా నా అభిప్రాయం ఇది: సీక్వెల్ తనంతట తాను ఏం సాధించిందో, మన జ్ఞాపకాల నుంచి ఏం అరువు తెచ్చుకుందో తేల్చుకోవడానికి ఇంటి తెరను మించిన చోటు లేదు. కాకపోతే, ఇంట్లో చూసినప్పుడు తగ్గినట్టు కనిపించేదాంట్లో సినిమా లోపమెంత, టీవీ లోపమెంత అన్నది వేరుచేసి చూడగలగాలి.

1983లో ‘రిటర్న్ ఆఫ్ ది జేడై’తో ముగిసిన స్టార్‌వార్స్ కథను 2015 డిసెంబరులో ‘ది ఫోర్స్ అవేకెన్స్’ మళ్లీ అందుకుంది. మధ్యలో 32 ఏళ్లు గడిచాయి. మధ్యకాలంలో జార్జ్ లూకాస్ తీసిన మూడు చిత్రాలు వెనకటి కథను చెప్పాయే తప్ప ఆ తర్వాత ఏమైందో చెప్పలేదు. అందుకే పాత చిత్రాల నాయకుల్లో ఒకడైన హాన్ సోలో, అతని సహచరుడు చ్యూబాకా ఇద్దరూ తమ పాత నౌక మిలేనియం ఫాల్కన్‌లోకి అడుగుపెట్టి, ఇల్లు చేరామన్నట్టుగా హాన్ ఒక్క మాట అనగానే థియేటర్లు దద్దరిల్లిపోయాయి. దర్శకుడు జె.జె. అబ్రామ్స్ ఆ స్పందనను ముందే ఊహించాడు. తలుపు తెరుచుకోవడం, ఇద్దరూ గుమ్మంలో నిలబడడం, మాట పూర్తయ్యాక కూడా షాట్ కొంతసేపు కదలకుండా ఉండడం, ఇవన్నీ చప్పట్లకు చోటిచ్చే ఏర్పాట్లు. ఇంట్లో చూస్తే ఆ చోటు ఖాళీగానే ఉండిపోతుంది. ఇద్దరు మనుషులు ఓడలోకి వచ్చారు, ఒకరు ఒక మాటన్నారు, కాసేపు ఏమీ జరగలేదు. అప్పుడు నాకు కలిగిన సంతోషం నిజమైనదే. కానీ దాన్ని నాకు ఇచ్చినది 1977 నాటి తొలి స్టార్‌వార్స్ చిత్రం, 2015 నాటిది కాదు.

అదే సినిమాలో, అదే ఓడ మొదటిసారి కనిపించే తీరు వేరు. ఈ సినిమాతో వచ్చిన కొత్త పాత్రలు రే అనే అమ్మాయి, ఫిన్ అనే కుర్రాడు కాల్పుల మధ్య పరుగెడుతుంటారు. అదిగో ఆ ఓడ ఉంది కదా అని ఫిన్ అంటే, అది పనికిరాని చెత్త అని రే కొట్టిపారేస్తుంది. కెమెరా ఆ ఓడను మనకు చూపించదు. వాళ్లు ఎక్కుదామనుకున్న మంచి ఓడ కళ్లముందే పేలిపోతుంది. ఇక ఆ చెత్తతోనే సరిపెట్టుకుందామని రే దిశ మార్చుకున్నాకే కెమెరా పక్కకు తిరిగి ఫాల్కన్‌ను చూపిస్తుంది. ఈ దృశ్యం ఖాళీ గదిలోనూ అంతే బాగా పనిచేస్తుంది, ఎందుకంటే ఇక్కడ ఆశ్చర్యానికి కావలసిన సరంజామా అంతా దృశ్యంలోనే ఉంది. ఫాల్కన్ అంటే ఏమిటో తెలియనివారికి ఇది మంచి హాస్యం, తెలిసినవారికి హాస్యంతో పాటు పులకింత. ఒకే దర్శకుడు, ఒకే ఓడ, కొద్ది నిమిషాల తేడాతో రెండు దృశ్యాలు. ఒకటి జ్ఞాపకాన్ని ప్రదర్శనకు పెట్టింది, రెండోది దాన్ని కథలో పనికి పెట్టింది. థియేటర్‌లో రెండింటికీ ఒకే స్థాయిలో కేకలు వచ్చి ఉంటే ఈ తేడా ఎవరికి తెలుస్తుంది?

ఇంటి తెర మీద నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచినది ఆ ఫాల్కన్ దృశ్యం కూడా కాదు. అంతకు చాలా ముందు, దాదాపు మాటలే లేకుండా సాగే, జాకూ అనే గ్రహం మీది ఎడారి ఘట్టం. పాడుబడిన నౌకల నుంచి ఏరుకొచ్చిన విడిభాగాలను రే ఒకచోట కూర్చుని రుద్ది శుభ్రం చేస్తుంటుంది. ఎదురుగా ఓ ముసలామె అదే పని చేస్తోంది. రే ఒక్క క్షణం తలెత్తి ఆమెను చూస్తుంది, అంతే. తన ఎనభయ్యో ఏడు ఎలా ఉండబోతోందో ఆ అమ్మాయికి అప్పుడు అర్థమైందని మనకు అర్థమవుతుంది. ఆ తర్వాత ఆమె ఇల్లు చేరుతుంది. ఆ ఇల్లు ఇసుకలో కూలిపడి ఉన్న యుద్ధ యంత్రం, 1980 నాటి ‘ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్’లో మంచు మైదానం మీద నడిచొచ్చి భయపెట్టిన నాలుగు కాళ్ల యంత్రాల కోవలోదే. లోపల గోడ మీద లెక్కలేనన్ని గీతలు, వాటి పక్కన ఆమె గీసిన మరో గీత. నీళ్లలో కలపగానే పొంగి రొట్టెగా మారే పొడి. ఆ రొట్టెను ఆబగా తిని, పళ్లెం నాకి, ఎవరో తిరుగుబాటు పైలట్ ఎప్పుడో వదిలేసిన పాత హెల్మెట్ తలకు పెట్టుకుని, దూరంగా ఎగిరిపోతున్న నౌకను చూస్తూ కూర్చుంటుంది.

పెద్ద తెర మీద ఇది యుద్ధాలకు ముందు వచ్చే చిన్న విరామంలా గడిచిపోతుంది. ఇంట్లో, పక్కవాళ్ల ఎదురుచూపుల ఒత్తిడి లేనప్పుడు, సీక్వెల్ మొత్తానికీ గుండెకాయ ఇదేనని తెలుస్తుంది. పాత కథ శిథిలాల్లో కాపురముంటూ, దాని వస్తువులు తలకెత్తుకుని, తాను చూడని ఘనతను ఊహించుకుంటూ బతికే అమ్మాయి అభిమాని కాక ఇంకెవరు? సినిమా ఆ పోలికను ఎక్కడా నోరు విప్పి చెప్పదు. రెండు తరాలకు మధ్య ఉన్న దూరాన్ని ఒక హెల్మెట్‌తో చూపించిన ఆ కొద్ది నిమిషాల కోసం ఆ సినిమా చేసిన మిగతా తప్పులను క్షమించడానికి నేను సిద్ధం.

ఇంట్లో చూడడం అంటే థియేటర్‌కు వెళ్లలేనివారి సర్దుబాటు అన్న భావన చరిత్ర దృష్ట్యా కూడా నిలవదు. ఇంట్లో సినిమా చూసే అలవాటును పెంచినవాటిలో ఒక అంతరిక్ష సీక్వెల్ పాత్ర చాలా పెద్దది. సినిమా క్యాసెట్లు 80 డాలర్ల దాకా పలుకుతూ, అద్దెకు తెచ్చుకునేవిగానే మిగిలిన 1982లో, పారామౌంట్ సంస్థ ‘స్టార్ ట్రెక్ 2: ది రాత్ ఆఫ్ ఖాన్’ క్యాసెట్‌ను 39.95 డాలర్లకే అమ్మకానికి పెట్టింది. అభిమానులు కొని దాచుకుంటారన్న ఆ అంచనా ఫలించి, వీడియో వ్యాపారం దారి మారింది. ఒక సన్నివేశాన్ని వెనక్కి తిప్పి పదిసార్లు చూసే అభిమాని అలా తయారయ్యాడు. తర్వాతి తరంలో చాలామందికి స్టార్‌వార్స్ తొలి కథానాయకుడు ల్యూక్ స్కైవాకర్ పరిచయమైంది కూడా చతురస్రానికి దగ్గరగా ఉండే పాత టీవీల్లోనే. 2.39:1 నిష్పత్తిలో వెడల్పుగా తీసిన చిత్రాన్ని 4:3 టీవీకి సరిపోయేలా కత్తిరిస్తే బొమ్మలో 40 శాతానికి పైగా పోతుంది. జంట సూర్యులు అస్తమిస్తుంటే నిలబడి చూసే ల్యూక్‌ను అలా సగం బొమ్మలోనే చూసి ప్రేమించిన తరం అది. ఆ ప్రేమను తక్కువ రకం ప్రేమ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇక టీవీ వల్ల జరిగే నష్టాల సంగతి. ఈ సినిమాలకు నల్లరంగే ప్రాణం. వీటిలో సగం చర్య శూన్యంలో జరుగుతుంది. వెనక దీపాలతో వెలిగే మామూలు టీవీలో ఆ శూన్యం బూడిద రంగులోకి తిరుగుతుంది. నేటి 16:9 తెర మీద వెడల్పాటి చిత్రం ఎత్తులో ముప్పాతిక వంతే ఆక్రమిస్తుంది కాబట్టి పైనా కిందా ఉండే పట్టీలు కూడా అదే బూడిద రంగులో కనిపించి అంతరిక్షాన్ని వెక్కిరిస్తాయి. పిక్సెల్ పిక్సెల్‌నూ విడిగా ఆర్పగల ఓలెడ్ తెరలో ఈ బాధ లేదు. స్ట్రీమింగ్‌లో మరో చిక్కుంది. 4కె డిస్క్ సెకనుకు 128 మెగాబిట్ల దాకా ఇవ్వగలిగితే, స్ట్రీమింగ్ సేవల్లో సాధారణంగా అందేది అందులో చిన్న వాటా మాత్రమే. డేటాను పొదుపు చేయాల్సి వచ్చినప్పుడు కుదింపు పద్ధతులు ముందుగా చేయి పెట్టేది చీకటి భాగాల మీదే. అందువల్ల నీలం నుంచి నలుపులోకి మెల్లగా కరగాల్సిన గ్రహపు అంచు మెట్లు మెట్లుగా విరిగి కనిపిస్తుంది. అన్నిటికంటే అన్యాయమైనది టీవీ తనంతట తాను కదలికను నునుపు చేసే సదుపాయం. సెకనుకు 24 ఫ్రేములతో తీసిన చిత్రానికి మధ్యలో లేని ఫ్రేములు కల్పించి చేర్చితే కోట్లు ఖర్చుపెట్టి కట్టిన నౌక నాటకం సెట్‌లా తేలిపోతుంది. ఆ అమరికను తీసేయకుండా చూసి సినిమా గ్రాఫిక్స్ బాగాలేవనడం ఆ చిత్రం మీద పనిచేసినవారికి చేసే అపకారం.

శబ్దం విషయంలో నష్టం ఇంకా లోతైనది. స్టార్‌వార్స్‌లో శత్రువుల టై ఫైటర్ నౌక దూసుకుపోయేటప్పుడు వినిపించే ఆ అరుపును శబ్ద రూపకర్త బెన్ బర్ట్ ఏనుగు ఘీంకారాన్ని, తడి రోడ్డు మీద వెళ్లే కారు చప్పుడును కలిపి తయారుచేశాడు. టీవీ అడుగున ఉండే చిన్న స్పీకర్లలో ఆ ఏనుగు చచ్చిపోయి కారు ఒక్కటే మిగులుతుంది. నిశ్శబ్దానికి కూడా ఇదే గతి. 2017 నాటి ‘ది లాస్ట్ జేడై’లో వైస్ అడ్మిరల్ హోల్డో తన నౌకను కాంతి వేగంతో శత్రువు నౌకలోకి దూకించినప్పుడు దర్శకుడు రియాన్ జాన్సన్ శబ్దాన్ని పూర్తిగా తీసేశాడు. సుమారు పది సెకన్లపాటు ఏమీ వినిపించదు. అది సాంకేతిక లోపం కాదని, కావాలని చేసినదేనని అమెరికాలో ఒక థియేటర్ నోటీసు కూడా అంటించింది. వందలమంది ఒకేసారి ఊపిరి బిగబట్టిన నిశ్శబ్దం ఇంట్లో దొరకదు. పక్క గదిలో మాటలు, వీధిలో హారన్ అందులోకి చొరబడతాయి. ఇంట్లో ఆ దృశ్యం తేలిపోతే దోషం సినిమాది కాదు, గదిది. థియేటర్‌లో చూడాలన్న వాదనకు నేను పూర్తిగా తలవంచే చోటు ఇదొక్కటే.

హోల్డో నిశ్శబ్దానికి ఇంట్లో అన్యాయం జరిగితే, అదే సినిమాలోని మరో దృశ్యానికి ఇల్లే సరైన చోటు. అన్నీ వదిలేసి దీవిలో ఒంటరిగా బతుకుతున్న ల్యూక్ రాత్రిపూట ఫాల్కన్ లోపలికి వస్తాడు. చీకట్లో అతని పాత రోబో ఆర్‌2-డి2 మేలుకుంటుంది. రే ఎంత అడిగినా శిక్షణ ఇవ్వనని మొండికేస్తున్న అతనికి అది మాటలతో నచ్చజెప్పదు, 1977 చిత్రంలో అతని సోదరి లేయా సాయం కోరుతూ పంపిన పాత సందేశాన్ని మళ్లీ చూపిస్తుంది. నీలి వెలుగులో ఆనాటి యువతి. ఆమెను చూస్తున్న, ల్యూక్‌గా నటించిన మార్క్ హామిల్ ముఖంలో నాలుగు దశాబ్దాలు. ఇది కూడా పాత సినిమాను గుర్తుచేయడమే కదా, హాన్ సోలో ప్రవేశానికీ దీనికీ తేడా ఏమిటని అడగవచ్చు. తేడా ఉంది, అది చాలా పెద్దది. ఇక్కడ జ్ఞాపకం తాకినది మనల్ని మాత్రమే కాదు, ముందుగా ల్యూక్‌ను తాకింది. ఆ సందేశం చూశాకే అతను మనసు మార్చుకుని, రే కోరినట్టు పాఠాలు చెప్పడానికి ఒప్పుకుంటాడు. జ్ఞాపకం కథలో ఒక నిర్ణయానికి కారణమైంది కాబట్టి దానికి చప్పట్ల ఊతం అక్కర్లేదు. దగ్గరగా కూర్చుని, ఒక ముఖాన్ని తీరిగ్గా చూడగలిగే గది ఉంటే చాలు.

ఇదే కొలతతో 2019 చివర్లో వచ్చిన ‘ది రైజ్ ఆఫ్ స్కైవాకర్’ను చూస్తే బాధ కలుగుతుంది. 2020 మే 4న అది డిస్నీ ప్లస్‌లోకి వచ్చేసరికి ప్రపంచంలో చాలా చోట్ల థియేటర్లు మూతపడి ఉన్నాయి, కాబట్టి అనేకమంది దాన్ని చూసినదీ, మళ్లీ చూసినదీ ఇంట్లోనే. లేయాగా నటించిన క్యారీ ఫిషర్ 2016 డిసెంబరు 27న మరణించడంతో, ‘ది ఫోర్స్ అవేకెన్స్’ కోసం తీసి వాడకుండా ఉంచిన దృశ్యాలతో లేయా పాత్రను ఇందులో నిలబెట్టారు. ఆ ప్రయత్నాన్ని నేను గౌరవిస్తాను. కానీ రెండోసారి చూస్తే ఆమె పలికిన ముక్తసరి మాటలకు సరిపోయేలా ఎదుటివారి సంభాషణలను అల్లారని స్పష్టంగా తెలిసిపోతుంది, ఆమె ఎవరి మాటకూ నిజంగా బదులివ్వడం లేదని మనసు చివుక్కుమంటుంది. థియేటర్‌లో ఆమె కనిపించడమే చాలనిపించి ఉంటుంది.

అంతకన్నా పెద్ద లోపం కథ పునాదిలోనే ఉంది. 1983 నాటి చిత్రంలో చనిపోయాడనుకున్న దుష్ట చక్రవర్తి పాల్పటైన్ తిరిగొచ్చాడన్న సంగతి ఆరంభంలో పైకి పాకే అక్షరాల్లోనే తేలిపోతుంది. అతను గెలాక్సీ మొత్తానికి వినిపించేలా ప్రతీకార ప్రకటన చేశాడని ఆ అక్షరాలు చెబుతాయి. ఆ ప్రకటన సినిమాలో ఎక్కడా వినిపించదు. విడుదలకు కొద్ది రోజుల ముందు ‘ఫోర్ట్‌నైట్’ అనే వీడియో గేమ్‌లో జరిగిన ప్రచార కార్యక్రమంలో అది వినిపించింది. మూడు తరాల కథను ముగించే చిత్రం తన అసలు మలుపును తన వెలుపల, ఒక ఆట మధ్యలో వదిలేసి వచ్చింది. విడుదల నాటి హడావుడిలో ఇది పెద్ద విషయంగా తోచి ఉండదు, కథ పరుగు కూడా ఆలోచించే వ్యవధి ఇవ్వదు. ఇంట్లో మాత్రం చేతిలో రిమోట్ ఉంది. ఆ అక్షరాల దగ్గర ఆపి, ఆ గొంతు ఎక్కడ వినిపించిందో అని వెతికితే సినిమాలో సమాధానం లేదు. తొలి చిత్రం నుంచి వరుసగా చూసుకుంటూ తొమ్మిదో భాగానికి మొదటిసారి చేరే కొత్త ప్రేక్షకుడికి ఆ ప్రచార కార్యక్రమం జరిగిందన్న సంగతే తెలియదు. అతని ముందున్నది ఆ సినిమా ఒక్కటే, అందులో ఆ ప్రకటన ఉండాల్సిన చోట రెండు వాక్యాలు మాత్రమే ఉన్నాయి.