ఇ-2 వీసా వారి దివ్య సముఖమునకు

విదేశీ భాషా టీచర్లకు దక్షిణ కొరియా ఇచ్చే ఇ-2 వీసా వారికి,

ఉభయకుశలోపరి. మీ దయవల్ల నేను సియోల్‌లో ఒక హగ్వాన్‌లో ఇంగ్లీషు మాస్టారిగా చలామణీ అవుతున్నాను. బడి విడిచిపెట్టాక పిల్లలు మళ్లీ చదువుకోవడానికి వచ్చే ప్రైవేటు బడి అది. మధ్యాహ్నం మొదలైన పాఠాలు రాత్రిదాకా సాగుతాయి. పది దాటితే చెప్పకూడదని ఈ నగరంలో నిబంధన ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే తెల్లవారేది.

మీరు పెట్టిన పరీక్షలన్నీ నెగ్గినవాణ్ని. డిగ్రీ ఉందా అన్నారు. సివిల్ ఇంజినీరింగ్‌లో ఉంది. ఏ విషయంలోనైనా ఫరవాలేదన్నారు. అది అసలైనదేనని విదేశాల్లో చెల్లే అపోస్టిల్ ముద్ర దానిమీద వేయించాను. వేలిముద్రలిచ్చి, నేరచరిత్ర లేదని కెనడా పోలీసుల చేత రాయించుకొచ్చాను. ఇక్కడ దిగాక మత్తుమందుల పరీక్షా చేయించుకున్నాను. పాఠం చెప్పడం వచ్చా అని మాత్రం ఎవరూ అడగలేదు. అంత సున్నితమైన ప్రశ్న అడిగి పరాయివాణ్ని ఇబ్బంది పెట్టడం మీ మర్యాద కాదు.

అన్నింటికన్నా మీ మనసు దోచింది నా పాస్‌పోర్టు. అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా: ఈ ఏడు దేశాల వాళ్లకే ఇంగ్లీషు సొంతమని మీ సిద్ధాంతం. నేను మాటలు నేర్చింది తెలుగులో, ఇప్పటికీ కోపం వస్తే తిట్టుకునేది తెలుగులో. అయినా కెనడా పౌరుడిగా ప్రమాణం చేసిన క్షణం నుంచీ, మీ లెక్కలో, ఇంగ్లీషు నాకు ఉగ్గుపాలతో అబ్బిన విద్య. దక్షిణాఫ్రికాలో ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు పదిమందిలో ఒకరు కూడా లేరన్న సంగతి మీ దగ్గర ఎత్తను. పాపం, ఉన్న ఏడింటిలో ఒకటి తగ్గుతుంది.

ఫిలిప్పీన్స్ విషయంలో మాత్రం మీ తర్కానికి చేతులెత్తి మొక్కాలి. కొరియా విద్యార్థులు విమానమెక్కి సెబూ, బాగియో నగరాలకు వెళ్లి, అక్కడి టీచర్ల దగ్గర ఇంగ్లీషు నేర్చుకుని వస్తారు. ఆ టీచరే ఇక్కడికి వచ్చి చెబుతానంటే మీ గడప దాటలేదు. బహుశా ఆమె ఇంగ్లీషు సముద్రం దాటితే పాడవుతుంది కాబోలు.

మీ పాత ముచ్చటొకటి మా టీచర్లు ఇంకా చెప్పుకుంటారు. 2007లో విదేశీ ఇంగ్లీషు టీచర్లకు హెచ్‌ఐవీ పరీక్ష తప్పనిసరి చేశారు. అదే పాఠం చెప్పే కొరియన్లకు అక్కర్లేదన్నారు. న్యూజిలాండ్ టీచరొకామె ఒప్పుకోలేదు, ఉద్యోగం పోయింది. చివరికి 2015లో ఐక్యరాజ్యసమితి జాతివివక్ష నిర్మూలన కమిటీ ఇది తప్పని తేల్చింది. మరో రెండేళ్లు నింపాదిగా ఆలోచించుకుని 2017లో తీసేశారు. మేము ఒక్క రోజు ఆలస్యంగా మీ దగ్గరికి వస్తే జరిమానా వేస్తారు గానీ, పెద్దల తీరు వేరు.

మీరు పాస్‌పోర్టుతో తృప్తి పడ్డారు గానీ హగ్వాన్‌కు ఫోటో కూడా కావాలి. నా ఫోటో చూసి డైరెక్టరు గారు కాసేపు మౌనం వహించి, "నిజంగా కెనడానేనా?" అన్నారు. మీ పేరు చెప్పి గట్టెక్కాను. ఆయన దృష్టిలో వ్యాకరణం చెప్పడానికి కొరియన్ టీచర్లున్నారు, తల్లిదండ్రులకు చూపించడానికి నేనున్నాను. తరగతి చూడటానికి వాళ్లొచ్చే రోజున నేను బాగా నవ్వాలి, గట్టిగా మాట్లాడాలి, చేతులు ఊపాలి. పిల్లలు ఏం నేర్చుకున్నారన్నది ఆ రోజు కార్యక్రమంలో లేదు.

మొన్న తొమ్మిదేళ్ల పిల్ల ఒకతి, ఏ మాట ముందు 'ఎ' పెట్టాలో, ఏ మాట ముందు 'ద' పెట్టాలో ఎలా తెలుస్తుందని అడిగింది. కొరియన్‌లో ఆ బెడద లేదు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన నా సహోద్యోగి, పుట్టుకతోనే మీ పరీక్ష నెగ్గినవాడు, కాసేపు ఆలోచించి "చెవికి బాగుంటే అదే సరైనది" అన్నాడు. పిల్ల నా వైపు తిరిగింది. నేను చెప్పగలిగాను. తెలుగులోనూ ఆ బెడద లేదు కనుక, చిన్నప్పుడు మొట్టికాయలు తిని ఒక్కొక్కటే నేర్చుకున్నవాణ్ని. ఎక్కడ తడబడతారో నాకు తెలుసు. ఈ రహస్యం మీదాకా వస్తే నా నివాస కార్డు లాక్కుంటారేమోనని తరగతి గది తలుపు వేసి మరీ చెప్పాను.

చివరగా ఒక మనవి. నేను వేరే హగ్వాన్‌కు మారాలంటే పాత యజమాని అంగీకార పత్రం ఇవ్వాలన్నారు. ఎవరినుంచి తప్పించుకుపోవాలనుకుంటున్నానో ఆయన చేతే వీడ్కోలు పత్రం రాయించుకోవాలి. ఆయన కూడా మర్యాదస్తుడే, రేపు రమ్మంటున్నారు. రోజూ.

ఇట్లు,
మీ ఏడు దేశాలలో ఒకదాని పౌరుడు

తా.క.: ఏడాది పూర్తిచేసిన ఉద్యోగికి, మానేసేటప్పుడు కనీసం నెల జీతం అదనంగా ఇవ్వాలని ఇక్కడి చట్టం. అందుకేనేమో పదకొండో నెల రాగానే కొందరు డైరెక్టర్లకు తమ టీచరు పాఠంలో ఎక్కడలేని లోపాలూ కనబడతాయి. మాకు చెప్పడం వచ్చో రాదో పట్టించుకునేవాళ్లు ఈ దేశంలో వాళ్లొక్కరే.