డార్విన్‌పై అబద్ధసాక్ష్యం, కెప్లర్ ఎనిమిది నిమిషాలు

డార్విన్ చనిపోయే ముందు బైబిలు చేతబట్టుకొని పశ్చాత్తాపపడ్డాడన్న కథ నేను మొదటిసారి సికింద్రాబాద్‌లో, సండే స్కూల్లో విన్నాను. నాకప్పుడు పదేళ్లుంటాయి. చెబుతున్న ఆంటీ కళ్లలో నీళ్లు తిరగడం ఇప్పటికీ గుర్తుంది. మొన్న ఆదివారం ఆరాధన ముగిశాక, ఇంటర్ బైపీసీ చదువుతున్న ఒక కుర్రాడు ఫోన్ తీసి అదే కథ నాకు చదివి వినిపించాడు. "అంకుల్, తప్పని ఆయనే ఒప్పుకున్నాక, మాకింకా ఆ పరిణామ సిద్ధాంతం ఎందుకు నేర్పిస్తున్నారు?" అని అడిగాడు. ఆ అడగడంలో వెటకారం లేదు. నీట్ రాయాలి, దేవునికి భయపడాలి. ఈ రెంటి మధ్య పిల్లాడు నలిగిపోతున్నాడు.

ఆ కథ పుట్టుక తెలుగువాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి. 1915లో అమెరికాలోని ఒక బాప్టిస్టు పత్రికలో అది అచ్చయింది. చెప్పినావిడ లేడీ హోప్. పుట్టింటి పేరు ఎలిజబెత్ కాటన్. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్ కూతురు. గోదావరి జిల్లాల్లో ఊరూరా విగ్రహాలున్న కాటన్ దొర బిడ్డే! తాను డార్విన్‌ను చివరి రోజుల్లో కలిశానని, ఆయన బైబిలులోని హెబ్రీ పత్రిక చదువుతూ కనిపించాడని, తన సిద్ధాంతం గురించి బాధపడ్డాడని ఆమె చెప్పింది. 1922లో డార్విన్ కుమార్తె హెన్రియెటా దీన్ని సూటిగా ఖండించింది. నాన్న మరణశయ్య దగ్గర నేనున్నాను, ఆ చివరి జబ్బులో లేడీ హోప్ అక్కడ లేదు, తన శాస్త్రీయ అభిప్రాయాలు వేటినీ నాన్న వెనక్కి తీసుకోలేదు అని రాసింది. డార్విన్ కూడా 1879లో రాసిన ఒక జాబులో తన మనసు దాచుకోలేదు. దేవుడు లేడని తానెప్పుడూ అనలేదని, తనను అజ్ఞేయవాది (దేవుడున్నాడో లేడో తెలుసుకోలేమనేవాడు) అనడం సబబుగా ఉంటుందని చెప్పుకున్నాడు.

పది ఆజ్ఞల్లో ఒకటి, నీ పొరుగువాని మీద అబద్ధసాక్ష్యము పలుకకూడదు. డార్విన్ మన పొరుగువాడు కాడా? లేడీ హోప్ తండ్రి నది ప్రవాహాన్ని కొలిచి, లెక్క తేల్చుకొని రాయి పేర్చిన మనిషి. 1847లో మొదలైన ఆనకట్ట 1852కు పూర్తయింది. కొలత తప్పితే గోదావరి క్షమించదని ఆయనకు తెలుసు. కూతురి కథకు ఆ కొలత జరగలేదు. మనమూ జరపకుండానే వందేళ్లుగా పంచుకుంటున్నాం.

ఇలాంటి కథ అవసరమని మనకెందుకు అనిపిస్తుంది? విశ్వాసం, విజ్ఞానం పుట్టుకతోనే శత్రువులని లోలోపల మనమూ ఒప్పేసుకున్నాం గనుక. ఈ యుద్ధం కథకు పెద్ద ప్రచారం 19వ శతాబ్దంలో వచ్చింది. 1874లో అమెరికాలో జాన్ విలియం డ్రేపర్, 1896లో ఆండ్రూ డిక్సన్ వైట్ చరిత్ర మొత్తాన్ని మతానికీ విజ్ఞానానికీ నడుమ సాగిన పోరుగా పుస్తకాలకెక్కించారు. అదే 1874లో కేంబ్రిడ్జిలో కావెండిష్ ప్రయోగశాల తెరుచుకుంది. దాని మొదటి అధిపతి మాక్స్‌వెల్, విద్యుత్తునూ అయస్కాంతత్వాన్నీ ఒకే సమీకరణాల కిందికి తెచ్చినవాడు, నిష్ఠగల క్రైస్తవుడు. ఆ తలుపుల మీద లాటిన్‌లో చెక్కి ఉన్నది 111వ కీర్తనలోని వాక్యం. మన తెలుగు బైబిలులో ఇలా ఉంటుంది: "యెహోవా క్రియలు గొప్పవి, వాటియందు ఇష్టముగలవారందరు వాటిని విచారించుదురు." ఆ చివరి మాట దగ్గర నేనెప్పుడూ ఆగిపోతాను. విచారించుదురు. చూసి మురిసిపోతారని మాత్రమే అని ఊరుకోలేదు.

విచారించడమంటే ఏమిటో కెప్లర్ దగ్గర చూడాలి. యోహాన్నెస్ కెప్లర్ ట్యూబింగెన్‌లో వేదాంతం చదివి పాస్టరు కావాలనుకున్నవాడు. పరిస్థితులు ఖగోళంలోకి నెట్టాయి. 1595లో తన గురువుకు రాసిన జాబులో, ఈ పనిలోనూ దేవునికి మహిమ కలుగుతోందని ఊరట చెందాడు. తర్వాత కుజ గ్రహం కక్ష్య లెక్క నెత్తికెత్తుకున్నాడు. చేతిలో టైకో బ్రాహి రాత్రుల తరబడి కంటితో చేసిన పరిశీలనలున్నాయి. దూరదర్శిని ఇంకా రాలేదు. వృత్తాకార కక్ష్యతో కెప్లర్ కట్టిన లెక్క దాదాపు అన్నిచోట్లా సరిపోయింది. ఒకచోట మాత్రం 8 నిమిషాలు తేడా వచ్చింది. ఇవి గడియారం నిమిషాలు కావు, డిగ్రీలో అరవయ్యో వంతులు. పున్నమి చందమామ వెడల్పు సుమారు 30 నిమిషాలు. అందులో పావువంతు తేడా అన్నమాట.

పాతకాలపు ఖగోళవేత్త టాలెమీకి 10 నిమిషాల తేడా లెక్కలోకే రాదు. కెప్లరూ కళ్లు మూసుకోవచ్చు, ఎవరూ అడిగేవారు కాదు. ఆ లెక్కను కనీసం 70 సార్లు చేశానని ఆయనే రాసుకున్నాడు, అంత శ్రమ తర్వాత దాన్ని పక్కన పారేశాడు. దానికి చెప్పిన కారణం ఏ సంఘంలోనైనా నిలబడి చదవదగ్గది. దైవకృప మనకు టైకో వంటి జాగ్రత్తగల పరిశీలకుణ్ణి ఇచ్చింది, ఆ వరాన్ని కృతజ్ఞతతో స్వీకరించాలంటే ఈ 8 నిమిషాలను విస్మరించకూడదు అన్నాడు. ఖగోళశాస్త్రాన్ని మొత్తం మార్చే దారి ఈ 8 నిమిషాలే చూపాయనీ అన్నాడు. వృత్తం పోయి దీర్ఘవృత్తం వచ్చింది. 1609లో పుస్తకం అచ్చయింది.

విశ్వాసం విజ్ఞానానికి ఇచ్చిన అసలైన సహాయం నాకు ఇక్కడ కనిపిస్తుంది. వృత్తం పరిపూర్ణమైనది గనుక గ్రహాలు వృత్తంలోనే తిరగాలని పాత తత్వం తీర్మానించి కూర్చుంది. దేవుడు స్వతంత్రుడని గట్టిగా నమ్మినవాడు అలా కూర్చోలేడు. సృష్టిని ఇలాగే చేయాలని ఆయనకు నిర్బంధం లేదు. మరి ఎలా చేశాడు? ఇంట్లో కూర్చొని తేల్చలేం, వెళ్లి చూడాలి. 1713లో న్యూటన్ గ్రంథం రెండో కూర్పుకు ముందుమాట రాసిన రోజర్ కోట్స్ దాదాపు ఈ వాదమే చేశాడు. ఇదొక్కటే ఆధునిక విజ్ఞానాన్ని కన్నదని నేననను. వ్యాపారం, నౌకాయానం, అచ్చుయంత్రం, అద్దాలు సానబట్టే పనివాళ్లు, అందరి చేయీ ఉంది.

అదే విశ్వాసం అదే కాలంలో ఏం చేసిందో కూడా చెప్పాలి. కెప్లర్ తల్లి కాతరీనా మీద 1615లో మంత్రగత్తె అని నింద వేశారు. 1620లో పట్టుకెళ్లి, ముసలామెను 14 నెలలు సంకెళ్లలో ఉంచారు. కొడుకే వెళ్లి వాదించి విడిపించుకున్నాడు. బయటికొచ్చిన కొన్ని నెలలకే ఆమె పోయింది. లింజ్ పట్టణంలో పాస్టరు కెప్లర్‌కు ప్రభు భోజనమే నిరాకరించాడు. ఇక 1633లో గెలీలియోను మోకాళ్ల మీద నిలబెట్టి, భూమి తిరుగుతుందన్న మాటను విడనాడతానని చెప్పించారు. దీనికి వంకలు చెప్పే ప్రసంగాలు నేను విన్నాను, ఒక్కటీ నన్ను ఒప్పించలేదు.

మరో అతి కూడా మన నగరంలో తరచూ వినిపిస్తుంది. విజ్ఞానమంతా క్రైస్తవం పెట్టిన భిక్షేనని. కెప్లర్ కాగితాల మీద ఉన్న అంకెలు ఇక్కడి నుంచి వెళ్లినవి. త్రికోణమితిలో ఆయన వాడిన 'సైన్' మన 'జ్యా'యే. అరబ్బులు దాన్ని జీబా అని పలికారు, లాటిన్‌లోకి మార్చినవాళ్లు జైబ్ అని పొరబడి, మడత అనే అర్థంలో సైనస్ అన్నారు. బస్రాలో పుట్టిన ఇబ్న్ అల్ హైతమ్ కాంతి గురించి రాసింది కెప్లర్ తరం దాకా యూరప్‌లో చదివారు. అప్పు తీసుకున్నవాడు అప్పిచ్చినవాడి పేరు చెప్పడం మర్యాద. పరిణామ సిద్ధాంతం దగ్గర ఇబ్బంది ఒక్క చర్చీలదే అనుకోవడమూ పొరపాటే. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి దాన్ని తీసేశారన్నప్పుడు 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు బహిరంగ లేఖ రాయాల్సి వచ్చింది.

ఆ కుర్రాడికి నేను డార్విన్ బదులు జార్జ్ లెమైత్ర్ కథ చెప్పాను. బెల్జియం దేశపు కాథలిక్ ఫాదర్. విశ్వం వ్యాకోచిస్తోందని 1927లో లెక్కగట్టి చెప్పాడు, 1931లో అదంతా ఒక ఆదిమ పరమాణువు నుంచి మొదలై ఉండొచ్చన్నాడు. 1951లో పోప్ 12వ పయస్ ప్రసంగిస్తూ, ఇది సృష్టి జరిగిందనడానికి నిదర్శనమన్న ధోరణిలో మాట్లాడాడు. ఫాదర్ ఎగిరి గంతేయాలి కదా? ఆయన కలతపడ్డాడు. తన సిద్ధాంతం మత ప్రశ్నలకు పూర్తిగా బయట ఉందని, దాన్ని ఒప్పుకుంటూనే భౌతికవాది దేవుణ్ణి కాదనవచ్చని ఆయన మాట. సిద్ధాంతం రేపు తప్పని తేలితే దానికి కట్టేసిన దేవుడి సంగతేమిటి? ఉదయం పూజ చేసి, మధ్యాహ్నం సమీకరణాలు రాసుకున్న మనిషికి ఆ ప్రమాదం మనకన్నా బాగా తెలుసు.

బేగంపేటలో పాత ఎయిర్‌పోర్టు దగ్గర రొనాల్డ్ రాస్ పనిచేసిన భవనం ఉంది. 1897 ఆగస్టు 20న దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని ఆయన చూసింది ఇక్కడే. చెమట కారి సూక్ష్మదర్శిని స్క్రూలు తుప్పుపట్టాయి. పంకా లాగిస్తే దోమలు ఎగిరిపోతాయని ఉక్కలోనే కూర్చున్నాడు. హుసేన్ ఖాన్ అనే రోగి దోమకు ఒక అణా చొప్పున తీసుకొని కుట్టించుకున్నాడు. కనికరించిన దేవుడు నేడు నా చేతిలో ఒక అద్భుతం ఉంచాడంటూ రాస్ రాసిన పద్యం మన ప్రసంగాల్లో వినిపిస్తుంటుంది. అది పట్టుకొని ఆయన్ను భక్తుల జాబితాలో చేర్చడం తొందరపాటు. ఆ పద్యానికి ముందు, రెండేళ్లు వేరే జాతి దోమల్ని కోసి ఏమీ దొరక్క పోగొట్టుకున్న రోజులున్నాయి. వాటినీ చెప్పాలి.

ఆ కుర్రాడిని వచ్చే నెల బేగంపేటలోనే ఇంకోచోటికి తీసుకెళ్తానన్నాను, నిజామియా అబ్జర్వేటరీ ఆవరణకు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలో మొదలుపెట్టిన అబ్జర్వేటరీ అది. 1908లో నిజాం ప్రభుత్వం చేతికొచ్చింది, తర్వాత బేగంపేటకు మారింది. 1887లో పారిస్‌లో అనుకున్న ఆకాశ పటంలో ఒక్కో అబ్జర్వేటరీకి ఒక్కో పట్టీ పంచారు. ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖకు నేరుగా పైన ఆకాశంలో ఊహించుకునే గీతకు) దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల వరకు ఉన్న పట్టీ హైదరాబాద్‌కు వచ్చింది. ఉత్తరాన 55 నుంచి 64 డిగ్రీల వరకు ఉన్నది వాటికన్ వంతు. అక్కడ 1910 నుంచి 1921 వరకు నలుగురు సిస్టర్లు ఆకాశాన్ని ఫొటో తీసిన గాజు పలకల మీది చుక్కల్ని సూక్ష్మదర్శినిలో చూసి కొలిచారు. ఒకరు పలికితే ఒకరు రాసుకొనేవారు. 4,81,215 నక్షత్రాలు. ఇక్కడ టి.పి. భాస్కరన్ సారథ్యంలో హైదరాబాద్ ఉద్యోగులు తమ పలకలు తాము కొలిచారు. వాళ్లు ఏ గుడికి, ఏ మసీదుకు వెళ్లేవాళ్లో ఆ సంపుటాల్లో ఎక్కడా లేదు. ప్రతి చుక్కకూ అడ్డం కొలత, నిలువు కొలత, ఎంత ప్రకాశం. పేజీల కొద్దీ అంకెలు.