ట్రైలర్ లైట్లకు ఏడు చిట్కాలట!

"ప్రతి డ్రైవర్ అన్నకూ పనికొచ్చే ఏడు చిట్కాలు" అంటూ ఒక వాట్సాప్ మెసేజ్ కృష్ణపట్నం పోర్టు బండ్ల గ్రూపుల నుంచి చీమకుర్తి గ్రానైట్ బండ్ల గ్రూపుల దాకా తిరుగుతోంది. పంపిన ప్రతివాళ్లూ కింద "నిజమేనా అన్నా?" అని ఒక ముక్క తగిలిస్తున్నారు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పే ఓపిక అయిపోయింది. అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నా.

మొదటిది: "లైటు వెలగకపోతే హోల్డర్ దగ్గర మీటర్ పెట్టండి. 24 వోల్టులు చూపిస్తే వైరింగ్ బాగున్నట్టే. ల్యాంప్ మార్చేయండి."

ఏడింటిలో ఇదే చూడటానికి బుద్ధిగా ఉంటుంది, అందుకే జనం నమ్ముతున్నారు. మీటర్ పెట్టారు, అంకె వచ్చింది, ఇంకేం కావాలి? కావాల్సింది చాలా ఉంది. డిజిటల్ మీటర్ తన కోసం లాక్కునే కరెంటు దాదాపు సున్నా. దారిలో ఒక జాయింట్ చిలుము పట్టి పది ఓములు అడ్డం పడినా దానికి లెక్కలేదు, నిక్షేపంగా 24 చూపిస్తుంది. 21 వాట్ల బ్రేక్ బల్బు సంగతి వేరు. దానికి ఆంపియరుకు కాస్త తక్కువ కరెంటు కావాలి. ఆ బల్బు పెట్టగానే ఆరేడు వోల్టులు ఆ జాయింట్ దగ్గరే ఆగిపోతాయి, వెనక వచ్చేవాడికి ఎర్రటి మిణుకు మిగులుతుంది.

మన దగ్గర చిలుముకు కరువా? ముత్తుకూరు వైపు ఉప్పుగాలికి వైరు మీద సూది మొనంత రంధ్రం చాలు. ఆ రంధ్రం పెట్టేదెవరు? టెస్ట్ ల్యాంప్ సూది గుచ్చి చూసే మనవాళ్లే. గుచ్చినచోట టేపు కూడా చుట్టరు. తడి పోగుల మధ్య నుంచి లోపలికి పాకుతూ పోతుంది. పైన తొడుగు కొత్తదానిలా మెరుస్తూనే ఉంటుంది. గీరి చూస్తే లోపల రాగి నల్లబడి, వేళ్ల మధ్య నలిపితే పచ్చటి పొడి రాలుతుంది. ఆ వైరుకే మీటర్ 24 ఇచ్చిందని కొత్త ల్యాంప్ బిగిస్తారు. అదీ వెలగదు. "డూప్లికేట్ సరుకు అంటగట్టావు" అని షాపువాడితో గొడవ. పాపం, వాడికి మాత్రం ఏం తెలుసు, వాడు ఈ వాట్సాప్ మెసేజ్ ఇంకా చదవలేదు.

లైటు వేసి ఉంచి కొలవాలి. బల్బు హోల్డర్‌లో ఉండగా, స్విచ్ ఆన్‌లో ఉండగా అక్కడికి ఎంత వస్తోందో చూడండి. తర్వాత మీటర్ ప్రోబు ఒకటి హోల్డర్ ఎర్త్ (కరెంటు తిరిగి వెళ్లే దారి) మీద, రెండోది ట్రైలర్ ముందున్న, కేబుల్ గుచ్చే సాకెట్ ఎర్త్ పిన్ను మీద పెట్టండి. అర వోల్టు దాటిందంటే ఎర్త్ దారి చెడినట్టే. ప్లస్ వైపు కూడా ఇదే పద్ధతి. ల్యాంప్ మార్చాలో వద్దో ఆ తర్వాత మాట్లాడుకుందాం.

రెండోది దీని తమ్ముడు: "చాసిస్ అంతా ఇనుమే కాబట్టి ట్రైలర్‌కు వేరే ఎర్త్ వైరు అక్కర్లేదు." హెడ్డుకూ (ముందు లాగే ఇంజను బండి) ట్రైలర్‌కూ మధ్య ఇనుము ఎక్కడ కలుస్తుంది? ట్రైలర్ కింది మేకు కింగ్‌పిన్ దగ్గర, అది కూర్చునే హెడ్డు పళ్లెం ఫిఫ్త్ వీల్ మీద, బెత్తెడు గ్రీజు మధ్యలో. గాలి పైపులు రబ్బరువి. ఎర్త్ వైరు తీసేస్తే కరెంటు ఆ గ్రీజులో దారి వెతుక్కోవాలి. దొరికితే లైటు, మలుపులో పట్టు జారితే చీకటి. ఇండికేటర్ వేస్తే టెయిల్ ల్యాంపులు కూడా దాంతోపాటు కన్ను గీటడం, బ్రేక్ తొక్కితే వెనకున్న లైట్లన్నీ కలిసి డల్ కావడం చూశారు కదా? అది ల్యాంపుల జబ్బు కాదు. చాలా బండ్లలో ఎర్త్ పిన్ను శుభ్రం చేస్తే పోయేదే.

మూడోది చదివినప్పుడు ఫోను విసిరికొట్టాలనిపించింది. "ఫ్యూజ్ ఊరికే పోతుంటే పది ఆంపియర్లదానికి బదులు ముప్పైది వేయండి. దొరక్కపోతే ఒక రాగి పోగు చాలు, దర్జాగా ఇంటికి చేరతారు." ఆహా, దర్జాగా! మూడింతల కరెంటుకు వైరులో పుట్టే వేడి తొమ్మిదింతలు. ఆ వైరు ఒంటరిగా ఉండదు, మిగతా వైర్లన్నిటితో కట్టగా క్యాబిన్ కిందుగా పోతుంది. పైన సీటు వెనక క్లీనర్ పిల్లాడు నిద్రపోతుంటాడు. మెసేజ్ రాసిన మహానుభావుడు ఆ రాత్రి అదే బండిలో పడుకుంటాడా? నెల్లూరు నుంచి ఒంగోలు దాకా చాలు, ఎక్కువేం అడగను.

ఫ్యూజ్ పోతోందంటే చాలావరకు ఎక్కడో వైరు ఇనుముకు రాసుకుంటోంది. చాసిస్ రంధ్రంలో రబ్బరు బుష్ ఊడినచోటో, హెడ్డు నుంచి ట్రైలర్‌కు పోయే స్ప్రింగ్ కేబుల్ వంగేచోటో ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి పెట్టె నిండా ఫ్యూజులు తగలేయక్కర్లేదు. ఫ్యూజ్ స్థానంలో 24 వోల్టుల హెడ్‌లైట్ బల్బు ఒకటి కలపండి. వెనక ఆ లైన్ బల్బులు తీసేయండి. షార్ట్ ఉన్నంతసేపూ హెడ్‌లైట్ బల్బు భగ్గున వెలుగుతుంది, కానీ సుమారు మూడు ఆంపియర్లకు మించి పోనివ్వదు. అలా వెలుగుతుండగా వైరింగ్‌ను మూరమూరకీ కదుపుతూ వెనక్కి నడవండి. ఎక్కడ కదిపినప్పుడు బల్బు ఆరితే తప్పు అక్కడ. ముందు మనిషి ఒకడు బల్బును చూస్తూ కేక వేయడానికి ఉంటే చాలు.

నాలుగోది: "ఎల్ఈడీ వేస్తే అన్ని సమస్యలూ పోతాయి." పోవు, దాక్కుంటాయి. కుదుపులకు ఫిలమెంట్ తెగే బాధ తప్పుతుంది, అంతవరకు నిజం. కానీ ఎల్ఈడీ తాగే కరెంటు కొంచెమే కాబట్టి చిలుము పట్టిన జాయింటుతోనూ నెట్టుకొస్తుంది. మీరు బాగుందనుకుంటారు. వానాకాలంలో తడిసిన సాకెట్ నుంచి కారే కాస్త కరెంటుకే స్విచ్ ఆపినా మసగ్గా వెలుగుతుంది. లోడు చాలక, ఇండికేటర్‌ను వెలిగించి ఆర్పే ఫ్లాషర్ గబగబా కొట్టుకుంటుంది. అప్పుడు మళ్లీ ఫ్లాషర్ మార్చమని ఇంకో మెసేజ్ వస్తుంది.

ఐదోది: "వానలో వచ్చిన ఫాల్టు ఎండకు అదే పోతుంది, డబ్బు దండగ చేసుకోకండి." వైరింగ్‌కు పట్టింది పడిశం కాదు. తర్వాతది చూద్దాం.

ఆరోదానిలో సాకెట్‌ను పెట్రోలుతో కడిగి వ్యాజ్‌లిన్ రాయమన్నారు. పెట్రోలు వద్దు, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే దొరుకుతుంది. వ్యాజ్‌లిన్ మాట మాత్రం సరైనదే. శుభ్రం చేసిన పిన్నుల మీద పలచగా రాస్తే తడిని ఆపుతుంది. చిలుము మీదే పులమకండి.

ఏడోది: "రాసుకోవడాలు, జాబ్ కార్డులు ఆఫీసు వాళ్ల వేషాలు. మంచి మెకానిక్‌కు అన్నీ గుర్తుంటాయి." దీని మీద కోపం రావాలి కానీ పూర్తిగా రావడం లేదు. ఎందుకంటే మన చేతికొచ్చే జాబ్ కార్డుల్లో "ఎలక్ట్రికల్ వర్క్, ఓకే" అని తప్ప ఏమీ ఉండదు. నలభై గళ్ల ఫారం, నలభై టిక్కులు, ఒక స్టాంపు. అలాంటి కాగితం నిజంగానే దండగ, ఆ మెసేజ్ రాసినవాడు చూసింది అలాంటివే అయ్యుంటుంది.

కానీ ట్రైలర్ ఇవాళ ఒక హెడ్డు వెనక ఉంటే రేపు ఇంకోదాని వెనక ఉంటుంది. నెల్లూరులో ఒకరు చూస్తే, మళ్లీ అదే ఫాల్టు టంగుటూరు దగ్గర ఇంకొకరి ముందుకు వస్తుంది. మొదటివాడి జ్ఞాపకం రెండోవాడికి ఎలా అందుతుంది? నాలుగు ముక్కలు రాస్తే చాలు: "వెనక లైట్లన్నీ. హెడ్‌లైట్, బ్రేక్ రెండూ వేస్తేనే డల్. వేరే హెడ్డుకు కట్టినా అంతే. కుడి టెయిల్ హోల్డర్ దగ్గర లైటు వేసి 19.2 వోల్టులు, ఎర్త్ దారిలో 4.1. ట్రైలర్ సాకెట్ ఒకటో పిన్ను (ఎర్త్) చిలుము. శుభ్రం చేశాక 0.2." చదివినవాడికి తప్పు హెడ్డుది కాదని, ల్యాంప్ జోలికి పోనక్కర్లేదని, మళ్లీ వస్తే ఆ సాకెట్టే మార్చాలని తెలిసిపోతుంది. ఇంగ్లీషు కూడా అక్కర్లేదు. కాగితం హెడ్డులో పెట్టకండి, అది వెళ్లిపోతుంది. ఫొటో తీసి ట్రైలర్ నంబరుతో గ్రూపులో పడేయండి.