జీవో ఉందనే తెలియకపోతే ఏమని అడగాలి?

2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవోలను, అంటే ప్రభుత్వ ఉత్తర్వులను, అందరూ చూడగలిగే పోర్టల్‌లో పెట్టడం ఆపేసింది. నంబరు, తేదీ తప్ప లోపల ఒక్క అక్షరమూ లేని ఖాళీ జీవోలపై అప్పటికే వివాదం రేగి ఉంది. విమర్శలు వచ్చాక ఏరికోరి కొన్నిటిని ఈ-గెజిట్‌లో ఉంచారు. 2024లో ప్రభుత్వం మారాక పాత పోర్టల్ మళ్లీ తెరుచుకుంది. తెలంగాణలోనూ జీవోలన్నీ బయటికి రావడం లేదన్న ఫిర్యాదు హైకోర్టు దాకా వెళ్లింది.

కావలసినవారు సమాచార హక్కు చట్టం కింద అడిగి తీసుకోవచ్చు కదా అన్న వాదన వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఫలానా శాఖ ఫలానా రోజున ఒక ఉత్తర్వు ఇచ్చిందన్న సంగతే తెలియనివారు దరఖాస్తులో ఏమని రాయాలి? ఎలాగో పసిగట్టి రాసినా జవాబుకు 30 రోజుల గడువు, ఆపైన మొదటి అప్పీలు, సమాచార కమిషన్ ముందు రెండో అప్పీలు. ఇవన్నీ దాటేలోగా ఆ ఉత్తర్వుతో జరగాల్సిన భూకేటాయింపో టెండరో జరిగిపోయి ఉంటుంది. అసలు జనం ఈ చట్టాన్ని వాడాల్సిన అవసరమే వీలైనంత తగ్గేలా సమాచారాన్ని ప్రభుత్వమే ముందుగా వెల్లడించాలని 2005 నాటి చట్టంలోని 4వ సెక్షన్ చెబుతోంది.

జీవోను విడి కాగితంగా చూడకూడదు. పైన విషయ సంగ్రహం, దాని కింద అంతకుముందు నడిచిన ఉత్తర్వులు, లేఖల నంబర్లు, చివర గవర్నర్ పేరిట సంతకం, ఆపైన ప్రతులు ఎవరెవరికి వెళ్లాయో ఆ జాబితా ఉంటాయి. చదవడం తెలిసిన విలేకరికైనా, పరిహారం కోసం తిరిగే రైతుకైనా ఆ నంబర్లే తర్వాతి ఫైలుకు దారి చూపుతాయి.

ఒక ఉద్యోగి వైద్య ఖర్చుల వంటి రోజువారీ వ్యవహారాలపై ఇచ్చే ఆర్టీ (రొటీన్) జీవోను ఊరంతా చదవాలని ఎవరూ కోరరు. అలాంటి వివరాలను కాపాడే మినహాయింపులు సమాచార హక్కు చట్టం 8వ సెక్షన్‌లో ఉన్నాయి; దాచదగిన భాగాన్ని తొలగించి మిగతాది ఇవ్వవచ్చని 10వ సెక్షన్ అంటోంది. జీవోలో రాసినదాన్ని బయటపెట్టకుండా ఆపడానికి కారణాలు ఉండవచ్చు గాని, ఆ జీవో ఉందన్న సంగతినే దాచడానికి ఏ కారణమూ కనిపించదు.

పోర్టల్‌ను ఒక ప్రభుత్వం మూసింది, మరొకటి తెరిచింది. రేపు ఇంకొకటి మళ్లీ మూయదన్న హామీ ఏదీ లేదు. కాబట్టి ప్రతి శాఖా వరుస నంబర్లతో జీవోల రిజిస్టరును ఏ రోజుకారోజు బయటపెట్టాలనీ, జీవోలో రాసినదాన్ని ఆపితే ఏ సెక్షన్ కింద ఆపిందో ఆ నంబరు పక్కనే రాయాలనీ శాసనసభ చట్టం చేయాలి.