రాజకీయాలు పట్టని మా బావ

మొన్న ఆదివారం నెల్లూరులో మా బావ ఇంట్లో భోజనం. ముందురోజు వండిన చేపల పులుసు, అంటే రుచి సరిగ్గా పట్టిన పులుసు. టీవీలో ఏదో చర్చ మొదలవగానే బావ రిమోట్ అందుకుని క్రికెట్ పెట్టేశాడు. "ఈ రొచ్చు నాకు పట్టదురా. నా పనేదో నాది" అన్నాడు.

ఒకప్పుడు నేనూ ఇదే మాట అనేవాడిని, కాస్త గర్వంగానే. ఎవరి మోచేతి నీళ్ళూ తాగనివాడనే పేరు ఎవరికి చేదు?

బావ వాళ్ళ అమ్మ, అంటే మా మేనత్త, ఇంకా కనిగిరి దగ్గర పల్లెలోనే ఉంటుంది. అక్కడి బోరు నీటిలో ఫ్లోరైడ్. అత్తకు మోకాళ్ళు వంగవు. మంచం దిగాలంటే ముందు కర్ర, తర్వాత గోడ, ఆ తర్వాత రాముడు. తాగడానికి ఇరవై లీటర్ల డబ్బా కొనుక్కోవాలి. దాన్ని బిందెలోకి వంచడానికి పక్కింటి పిల్లవాడు రావాలి. డబ్బు ప్రతి నెలా బావే ఫోనులో పంపుతాడు, ఒక్కరోజు కూడా ఆలస్యం చేయడు. ఆయన దాన్ని ఇంటి ఖర్చుల్లో రాసుకుంటాడు. నా లెక్కలో అది రాజకీయాల ఖర్చు.

శ్రీశైలం నుంచి కృష్ణా నీటిని సొరంగాల్లో మా వైపు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. ఆ ఏడాది పుట్టినవాళ్ళు ఇప్పుడు తమ పిల్లలను బడికి పంపుతున్నారు. 2024 మార్చిలో సొరంగాలను జాతికి అంకితం చేశారు. అత్త ఇంటికి మాత్రం డబ్బానే వస్తోంది. మధ్యలో ఇన్ని ప్రభుత్వాలు మారాయి గనుక ఒక పార్టీని తిట్టేసి చేతులు కడుక్కునే వీలు కూడా లేదు.

అలాగని రాజకీయాలంటే చెవి కోసుకునేవాళ్ళు గొప్పవాళ్ళని కాదు. టీ కొట్టు దగ్గర ఏ నియోజకవర్గంలో ఏ కులం ఓట్లు ఎన్నో నోటికి చెబుతారు. టికెట్టు ఎవరికి, మెజారిటీ ఎంత, పందెం ఎంత. నీళ్ళ మాట ఎత్తితే గ్లాసు పక్కన పెట్టి లేచిపోతారు. వీళ్ళకంటే బావే నయం, కనీసం అరవడు. పింఛను పోతుందేమోనని నోరు మూసుకునేవాళ్ళను కూడా నేను ఏమీ అనడం లేదు. వాళ్ళది భయం. బావది విసుగు.

ఇదే నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. రాత్రిపూట అక్షరాస్యత తరగతుల్లో కూర్చుని, కూలి డబ్బు ఏ దారిన పోతోందో చదివి, మాట్లాడుకుని కదిలారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఎత్తేశారు, అది వేరే కడుపుమంట. ఆ తరగతులకు ముందు ఎవరైనా అడిగి ఉంటే "రాజకీయాలు మాకెందుకయ్యా" అనే ఉండేవాళ్ళేమో. మొగుడు తాగి రావడం ఇంటి గొడవ అనుకున్నన్నాళ్ళూ అది ఇంటి గొడవగానే ఉండిపోయింది.

ఇదంతా బావతో చెప్పాను. ముల్లు తీసుకుంటూ ఓపిగ్గా విన్నాడు. ఆఖర్న, "డబ్బా రేటు మళ్ళీ పెంచారట, అమ్మ చెప్పింది" అన్నాడు.

ఎందుకు పెంచారు బావా అని అడిగితే, రిమోట్ కోసం వెతుక్కున్నాడు.